మాస్టర్ కాపీ

కృపానందం గారూ,
మీతో చెప్పకుండా దాచిన సంగతి ఒకటుంది.

పోయిన ఆషాఢంలో, విద్యానగర్ సందులో,
సత్తయ్య జిరాక్స్ షాపు చూరు కింద వానకి ఆగాను.
లోపల గోడకి మేకు, మేకుకి తాడు, తాడుకి నా నోట్సు.
డేటా స్ట్రక్చర్స్, నలభై రూపాయలు. స్పైరల్ చేయిస్తే అరవై.
"మీది మస్తు ఆరాం మేడం," అన్నాడు,
"పదకొండేండ్లాయె, మాస్టర్ కాపీ మార్చే పనే పడలే.
సారుది గూడ గంతే."
సారంటే మీరే.

అది మెచ్చుకోలే. అతని మొహంలో వెటకారం వెతికాను, లేదు.
అందుకే ఇల్లు చేరేదాకా
సంచిలో గొడుగుందని గుర్తు రాలేదు.

తర్వాతి వారం క్లాసు మధ్యలో కరెంటు పోయింది.
ప్రొజెక్టరు ఒకసారి దగ్గి ఊరుకుంది.
అరవైమూడు మొహాలు, ఒక తెల్ల తెర, నేను.
స్లైడు ఆరిపోతే నాలో పాఠం కూడా ఆరిపోతుందని
అప్పుడే తెలిసింది.
ఏం తోచక, లేవండి, వరండాలోకి పదండి అన్నాను.
ఒక్కొక్కరి కుడిచెయ్యి ముందున్నవాళ్ల భుజం మీద.
ఎవరి చెయ్యి ఎవరి మీదుందో, అదే చిరునామా.
అందరికన్నా ముందున్నవాడి చెయ్యి గాలిలో.
పట్టుకోవడానికి ఏమీ లేకపోవడం కూడా
ఒక విలువేనన్నాను.

బానోత్ ఝాన్సీ. నాలుగో బెంచీ.
హాజరుకి తప్ప రెండు సెమిస్టర్లలో గొంతు వినలేదు.
నడుమలోంచి చటుక్కున పక్కకి తప్పుకుంది.
"నేను పోయిన మేడం. నా ముందటోళ్లని ఎవరు పట్టుకుంటరు?"
ఎవరూ పట్టుకోలేదు.
ముందు సగం వరుస నవ్వుకుంటూ మెట్లవైపు తేలిపోయింది.
"మేం లీకైనం మేడం!" అని కింది మలుపులోంచి ఒక కేక.
నుజ్హత్ మాత్రం నవ్వలేదు, తన ఖాళీ చేతిని చూసుకుంటోంది.
"ఆమె పోయే ముందే ఆమె ముందటోన్ని నేను పట్టుకోవాలె.
గట్లనే కదా?"

ఆ జవాబుకి పది మార్కులు వేస్తూ వచ్చాను ఇన్నేళ్లూ.
అది ఒకరికి పుట్టిన ప్రశ్నగా వినడం అదే మొదలు.

అన్నీ ఇలాగే కుదిరాయని చెప్పను.
రికర్షన్ రోజున జంటలుగా కూర్చోబెడితే
ఇద్దరు హాయిగా నిద్రపోయారు.
మూడో యూనిట్ సగంలో ఉండగానే ఇంటర్నల్స్ వచ్చాయి.
ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఎవరో రాశారు:
మేడం పాఠం చెప్పరు, ఆటలాడిస్తారు.
ఆ కాగితం పారెయ్యలేదు. నిజం కొంత అందులోనూ ఉంది.

మీరేమంటారో నాకు తెలుసు.
అసలు చదువు అమీర్‌పేటలో ఎలాగూ చదువుకుంటారు కదమ్మా,
ఇప్పుడు ప్రోగ్రామంటే ఫోనే రాసిస్తోంది కదమ్మా,
నాలుగేళ్లలో రిటైరయ్యేవాణ్ణి, నాకిప్పుడెందుకమ్మా.
ఫోను రాస్తుంది సార్. బాగానే రాస్తుంది.
అది రాసినదాంట్లో తప్పెక్కడుందో
వేలు పెట్టి చూపించమనండి పిల్లల్ని, ఒక్క పూట.
ఆ వేలు ఎక్కడ తడబడుతుందో
అక్కడే మన ఉద్యోగం.

అయినా మీకు చెప్పడానికి నేనెవర్ని?
తొంభై ఏడులో డిపార్ట్‌మెంటుకి ఆరే కంప్యూటర్లు.
మీరు మెస్సునుంచి స్టీలు కంచాలు ఎత్తుకొచ్చి
బల్ల మీద గోపురంలా పేర్చారు.
"కిందిది కావాలంటే?" అని అడిగి
మేం నోరు తెరిచేలోపే కిందిది లాగారు.
ఆ మోతకి ఫిజిక్స్ వాళ్లు కూడా పరుగెత్తుకొచ్చారు.
మెస్సు మేనేజరు మిమ్మల్ని తిట్టిన తిట్లు వేరే కథ.
స్టాక్ అంటే నాకు ఇప్పటికీ నిర్వచనం గుర్తు రాదు సార్,
ఆ చప్పుడే వినిపిస్తుంది.
ఆ కంచాలు ఎప్పుడు కడిగి లోపల పెట్టేశారు?

గురువారం మూడో గంట నాది.
వెనక వరుసలో కూర్చోండి. నచ్చకపోతే మధ్యలో లేచి వెళ్లండి,
ఏమీ అనుకోను.

నిన్న సత్తయ్యకి చెప్పాను, మేకుకున్నది తీసెయ్యమని.
"కొత్తది ఎప్పుడిస్తరు మేడం?" అన్నాడు.
ఏమో, ఇంకా పిల్లలు అడుగుతూనే ఉన్నారన్నాను.